ఉయ్యాల గుంజ మొదట్లో

మే నెల మిట్టమధ్యాహ్నం మాచర్లలో ఇనుప జారుడుబల్ల మీద అరచెయ్యి ఆనించి చూడండి. వెంటనే తీసేస్తారు. పక్కనున్న రెంటచింతల పేరు వేసవి వచ్చిందంటే రోజూ వార్తల్లో ఉంటుంది. 45 డిగ్రీలంటే అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. మాచర్ల ఎండ దానికేమీ తీసిపోదు. ఆ ఎండకు ఇనుము కాలుతుంది, నాపబండ కాలుతుంది, రంగుల ప్లాస్టిక్ నాలుగు వేసవులు గడిచేసరికి వెలిసిపోయి, పెళుసెక్కి పగులుతుంది. చెక్క మాత్రం పిల్లల తొడలను అలా కాల్చదు. దానిలోని వేడి ఒంటికి అంత తొందరగా పాకదు. పల్నాటి పిల్లలకు ఆరుబయట ఆటవస్తువు ఏదైనా కట్టాలంటే చెక్కతోనే కట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే చెక్కను ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఇనుమును ఏళ్ల తరబడి పట్టించుకోకపోయినా తుప్పు పట్టి కూడా నిలబడుతుంది. చెక్కను అలా వదిలేస్తే కుదరదు. పూర్వం మన ఇళ్లల్లో ఈ పని ఎవరూ పని అనుకోకుండానే జరిగిపోయేది. వేపకొమ్మకు వేసిన ఉయ్యాల బల్ల, నడక నేర్చే పిల్లల మూడు చక్రాల బండి, బొంగరం, బిళ్ళంగోడు అన్నీ చెక్కవే. పగలు వాకిట్లో ఆడుకున్నా చీకటి పడేసరికి ఇంట్లోకి చేరేవి. అట్లతద్దికి వేసిన ఉయ్యాలను పండగ కాగానే విప్పి, బల్లను అటక మీద పెట్టేవారు. ఎండా వానా దాని మీద పడే రోజులు ఏడాదిలో ఎన్నో ఉండేవి కావు. ఇప్పుడు బడి ఆవరణల్లో, అంగన్వాడీల్లో, కొత్త లేఅవుట్ల పార్కుల్లో ఉయ్యాల చట్రాలు, సీ-సా బల్లలు, ఎక్కే నిచ్చెనలు నేలలో పాతుకుని ఉంటున్నాయి. పన్నెండు నెలలూ, రాత్రీ పగలూ బయటే. ప్రారంభోత్సవం నాడు కొట్టిన రంగే వాటికి మొదటి రంగూ, చివరి రంగూ.

ఎండ చేసే చేటు కంటికి కనబడుతుంది కాబట్టి దాని గురించే అందరూ కంగారు పడతారు. తేనెరంగులో ఉన్న టేకు బల్ల రెండు వేసవులకు బూడిదరంగుకు తిరుగుతుంది. ఆ బూడిదరంగు గోటి మందం కూడా ఉండదు. చిత్రిక పడితే కింద పాత రంగే బయటపడుతుంది. అసలు నష్టం వేరు. ఎండకు ముడుచుకుపోయిన చెక్క తొలకరి పడగానే ఉబ్బుతుంది, మళ్ళీ ఎండితే మళ్ళీ ముడుచుకుంటుంది. ఈ లాగుడుకు నెర్రెలు పడతాయి, నెర్రె అంచున పేడు లేస్తుంది. జారుతున్న పిల్ల తొడలో ఒకసారి పేడు దిగిందంటే ఆ పిల్ల మళ్ళీ ఆ బల్ల ఎక్కదు.

వాన నీళ్లు ఆ నెర్రెల్లోంచే లోపలికి దిగుతాయి. అంతకంటే ఎక్కువగా, కొయ్యను అడ్డంగా కోసిన చివరల్లోంచి దిగుతాయి. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పైకి తోడుకున్న సన్నటి గొట్టాలన్నీ అక్కడ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. బల్ల వెడల్పుకు రెండు పూతలు వేస్తే ఆ చివరలకు నాలుగు వెయ్యాలి. రంగు వేసేవాళ్లు సరిగ్గా వాటినే వదిలేస్తారు.

చెక్కలో తేమ 20 శాతం దాటకుండా ఉంటే బూజు దాన్ని కుళ్లబెట్టలేదు. వాన వెలిశాక పైనున్న బల్ల మన ఎండకు పూటలో ఆరిపోతుంది. ఆరనిది మట్టిలో పాతిన గుంజ మొదలే. నేలకు జానెడు పైన, జానెడు కింద గాలీ ఉంటుంది, తేమా ఉంటుంది. బూజుకు కావలసినవి ఆ రెండే. చెదలు వచ్చేదీ అటునుంచే. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కింద గుంజ సగానికి సగం పోయి ఉంటుంది.

మా వడ్రంగి ఆచారి గారు చెక్క సామాను చూడడానికి వచ్చినప్పుడు పైన చూడరు. వస్తూనే నేల మీద గొంతుక్కూర్చుంటారు. గుంజ చుట్టూ ఉన్న మట్టిని వేళ్లతో పక్కకు లాగుతారు. ఉలి పిడితో నాలుగు వైపులా కొట్టి వింటారు. చేవ ఉన్న వైపు ఖణేల్మంటుంది, గుల్లబారిన వైపు బోలుగా పలుకుతుంది. ఆ బోలు పలికిన చోట ఉలి మొన పెట్టి నెడతారు. గట్టి కొయ్య అయితే మొన కూడా దిగదు. కుళ్లిన కొయ్యలోకి చప్పుడు లేకుండా రెండు వేళ్ల లోతు దిగిపోతుంది. “మొదలు చూడండి సార్, పైన రంగు ఎవరైనా వేస్తారు” అంటారాయన. గుంజ మీద పెన్సిలు మందాన ఎర్రమట్టి గీత పాకుతూ కనిపిస్తే అది చెదలు కట్టుకున్న దారి. వెలుతురు పడని పురుగు కాబట్టి మట్టి గొట్టం చాటునే నడుస్తుంది. గీతను చీపురుతో తుడిచేసి ఊరుకుంటే వారంలో మళ్ళీ కడుతుంది. నేలలో అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకాల్సిందే.

కొనేటప్పుడే సగం జాగ్రత్త పడవచ్చు. అడితిలో చవగ్గా దొరికే గుంజను చివర నుంచి చూడండి. నడుమ ముదురు రంగులో ఉన్నది చేవ, చుట్టూ పాలిపోయి ఉన్నది తెల్లచెక్క. చేవకు పురుగును ఆపే గుణం పుట్టుకతోనే ఉంటుంది. తెల్లచెక్క అంటే చెదలుకు, పుచ్చుకు ప్రీతి. టేకు అన్న పేరొక్కటే సరిపోదు, లేత టేకులో చేవ తక్కువ.

ఇక గుంజ మొదలు సంగతి. మన పాత మండువా ఇళ్లలో చెక్క స్తంభం నేలను తాకేది కాదు. కింద రాతి దిమ్మె ఉండేది. తరాలు గడిచినా ఆ స్తంభాలు నిలవడానికి టేకు ఎంత కారణమో, ఆ దిమ్మె అంత కారణం. రాయికి కొదవ లేని నేల మనది. ఇంటి నేలకు, గోడకు, కప్పుకు కూడా నాపబండే వాడుకున్నాం. నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టేటప్పుడు నాగార్జునకొండ లోయలోంచి తరలించి అనుపులో మళ్ళీ నిలబెట్టిన ఇక్ష్వాకుల నాటి క్రీడాప్రాంగణం చూసినవారికి రాయి ఎంత కాలం ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఉయ్యాల గుంజకు కూడా అదే సాయం అందించవచ్చు. కాంక్రీటు దిమ్మెలో రెండు దళసరి ఇనుప పట్టీలు నిలబెట్టి, వాటి మధ్య గుంజను బోల్టులతో బిగించాలి. గుంజ అడుగుకూ దిమ్మెకూ నడుమ రెండు వేళ్ల సందు వదలాలి. దిమ్మె చుట్టూ నాపరాయి వాలుగా పరిస్తే నీళ్లు బయటికి జారిపోతాయి. బండ అక్కడి వరకే. ఉయ్యాల ఊగే చోట, పిల్లలు దూకే చోట బండ పరిచారంటే ప్రమాదం కొని తెచ్చుకున్నట్టే. అక్కడ అడుగు లోతున ఇసుక ఉండాలి.

మందు మాటకొస్తే, కొయ్యకు ఆయుష్షు పోయడంలో ప్రపంచానికి దారి చూపినవాడు ఒక తెలుగువాడు. శొంఠి కామేశం. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన ద్రావణాన్ని కనిపెట్టారు. ‘ఆస్కు’ అన్న పేరుతో అది వాడుకలోకి వచ్చింది. రాగి బూజును చంపుతుంది, ఆర్సెనిక్ చెదలును చంపుతుంది. క్రోమియం ఆ రెండింటినీ కొయ్య నారకు అతికించి, వానకు కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది. అసలు గొప్పతనం ఆ మూడోదానిలో ఉంది. అంతకు ముందు కూడా పురుగును చంపే ఉప్పులు ఉన్నాయి. తడి తగిలితే అవి కరిగిపోయేవి. 1938లో కామేశానికి అమెరికా పేటెంటు ఇచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో దేశదేశాల టెలిఫోను స్తంభాలు, వంతెన చెక్కలు, పెరటి ఉయ్యాలలు, ఆటస్థలాల నిచ్చెనలు ఆ మందు ఎక్కించిన లేతాకుపచ్చ చాయ కొయ్యతో ఎన్నో తయారయ్యాయి.

ఆటవస్తువుల దగ్గరే చిక్కు వచ్చింది. ఆ కొయ్యను పట్టుకున్న పిల్లల చేతులకు ఆర్సెనిక్ అంటుతోందని, కింద మట్టిలోకీ కొంత దిగుతోందని పరీక్షల్లో తేలింది. 2003 డిసెంబరు 31 నుంచి ఇళ్లకు, ఆటవస్తువులకు వాడే కొయ్యకు ఆ మందు ఎక్కించడం అమెరికా తయారీదారులు మానుకున్నారు. స్తంభాలకు ఇప్పటికీ వాడతారు. కామేశం పని విలువ దీనివల్ల వీసమెత్తు తగ్గదు. స్తంభాన్ని పట్టుకుని ఎవరూ ఆడుకోరు. పిల్లలు మాత్రం ఉయ్యాల గుంజ పట్టుకున్న చేత్తోనే జంతికలు తింటారు. ఆటవస్తువుకు ఏం పూసినా మనం ఆలోచించాల్సింది ఆ చెయ్యి గురించే.

ఈ లెక్కన మన దగ్గర అలవాటుగా జరిగే కొన్ని పనులు ఆపాలి. మెకానిక్ షెడ్డు నుంచి కాలిన ఇంజనాయిల్ తెచ్చి గుంజలకు పూస్తుంటారు. చెదలు కొంత వెనక్కి తగ్గుతుంది, నిజమే. ఆ నల్లటి నూనెలో ఒంటికి హాని చేసేవి చాలా ఉంటాయి. చేను కంచె గుంజకు పూసుకోండి, పిల్లలు పట్టుకునే చోట వద్దు. పాత రైలు స్లీపర్లు గట్టివని తెచ్చి నిచ్చెన మెట్లుగా వేయడమూ అంతే. వాటికి పట్టించిన క్రియోసోట్ ఎండకు ఇంకా చెమరుస్తూనే ఉంటుంది. రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో 2016లో నిబంధన తెచ్చారు, 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. డబ్బా మీద సీసం లేదని రాసి ఉందో లేదో చూసి కొనండి. అంతకు ముందటి రంగు పెచ్చులూడుతుంటే పొడిగా గీకి దుమ్ము రేపవద్దు. తడిపి గీకి, ఆ పెచ్చులను ఏరి పారెయ్యాలి.

ఏం పూయాలంటే, ముందు బోరిక్ పొడి. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి అదే. రెండు పాళ్లు అది, మూడు పాళ్లు వెలిగారం కలిపి, నూటికి అయిదు వంతుల చొప్పున వేడినీళ్లలో కరిగించి, ముక్కలను బిగించక ముందే కొన్ని రోజులు నానబెడతారు. చెదలుకూ బూజుకూ అది చాలు. కలిపే నీళ్లు పిల్లలకు అందకుండా చూసుకోవాలి. వానకు అది కరిగిపోతుంది కనుక, పూర్తిగా ఆరాక పైన నూనె పూత తప్పదు. అక్కడ నేను వార్నిష్ కంటే అవిసె నూనెకే ఓటు వేస్తాను. వార్నిష్ మెరుస్తుంది గానీ మన ఎండకు పొర పగులుతుంది, ఆ పగుల్లోంచి దిగిన నీళ్లు బయటికి రాలేవు. నూనె పొర కట్టదు, కొయ్యలోకి ఇంకుతుంది. ఏడాది తిరిగాక ఉప్పుకాగితంతో ఒకసారి రుద్ది మళ్ళీ పూసుకోవచ్చు. పూసిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేస్తే మాత్రం ఆ నూనె ఆరుతూ వేడెక్కి దానంతట అదే అంటుకుంటుంది. నీళ్లలో తడిపి, విప్పి ఆరబెట్టండి.

బోల్టులు, తాళ్ల పని చిన్నదే. ఎండాకాలంలో చెక్క ముడుచుకున్నందువల్ల నట్లు వదులవుతాయి, ఒక స్పానరు చాలు. తాడు కమ్మికీ, కొక్కేనికీ రాసుకునే చోట నార రేగితే మార్చెయ్యాలి. ముడి వేసి సర్దకూడదు.

నూనె పూతకు సంక్రాంతి తర్వాతి రోజులు మేలు. చెక్క ఆరి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. గుంజ మొదలు చూడడానికి మే చివరి వారం మంచిది, తొలకరికీ బడులు తెరవడానికీ ముందు. ప్రధానోపాధ్యాయులకు, అంగన్వాడీ టీచరమ్మలకు, అపార్టుమెంటు సంఘాల వారికి నా మనవి ఒక్కటే. ఈ రెండు పనులకూ మీలో ఒకరి పేరు రాసి గోడకు అంటించండి. ఈ వేసవిలో బడి గంట మోగక ముందే, మీ ఊరి ఉయ్యాల గుంజ మొదట్లో మట్టి తీసి ఉలి పిడితో నాలుగు వైపులా కొట్టి చూడండి. బోలుగా పలికితే గుంజ మార్చేదాకా ఆ ఉయ్యాల విప్పి ఉంచండి.