తెర మీద ఘాజీ, ఇంట్లో చిన్నాన్న

సినిమా చూసి కళ్ళు ఒత్తుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటే. కానీ మనవాళ్ళు గెలిచిన సినిమా చూసి ఒక మాజీ నావికుడు కళ్ళు తుడుచుకోవడం నేను 2017లోనే చూశాను. ఆ సినిమా సంకల్ప్ రెడ్డి తీసిన 'ఘాజీ'. ఆ నావికుడు మా చిన్నాన్న.

అసలు కథ 1971 నాటిది. మాది విశాఖపట్నం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. డిసెంబరు 3 సాయంత్రం యుద్ధం మొదలైంది. రాత్రికి ఊరంతా చీకటి. పిల్లలం గనక మాకదో సరదా. పెద్దవాళ్ళు ఇందిరాగాంధీ ప్రసంగం కోసం రేడియో చుట్టూ చేరారు. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి ఓ పెద్ద చప్పుడు! కిటికీ అద్దాలు గలగలలాడాయి. నాయనమ్మ దిగ్గున లేచి కూర్చుని, "నా కొడుకు ఓడమీదున్నాడ్రా" అంది. ఏ ఓడో, ఎక్కడో మాకెవరికీ తెలీదు. ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది.

ఆ రాత్రి మా రేవు దగ్గర మునిగిపోయింది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అని తరవాత తెలిసింది. అది ఒకప్పుడు అమెరికా వాళ్ళ 'డయాబ్లో'. 1964లో పాకిస్తాన్ చేతికొచ్చింది. నవంబరు 14న కరాచీలో బయలుదేరి, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచాలని ఇంతదూరం వచ్చింది. వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు ముందే విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు వైర్‌లెస్ కబుర్లు నడిపించారు. ఆ వేషం వేసింది పాత నౌక రాజ్‌పుత్. మన సినిమా భాషలో చెప్పాలంటే హీరో అండమాన్‌లో, డూపు విశాఖలో!

రాజ్‌పుత్ నీళ్ళలోకి వదిలిన బాంబులకే ఘాజీ మునిగిందని మనవాళ్ళంటారు. లోపల ఏదో ప్రమాదం జరిగి పేలిపోయిందని వాళ్ళంటారు. సినిమాలో మన జలాంతర్గామి దాన్ని వెంటాడి ముంచడం మాత్రం కథకుల కల్పన. అందులో తొంభైమందికి పైగా ఉన్నారు. ఒక్కడూ బతకలేదు.

డిసెంబరు 4 రాత్రి మన నిపాత్, నిర్ఘాత్, వీర్ క్షిపణి పడవలు కరాచీ మీద విరుచుకుపడ్డాయి. ఏటా ఆ తేదీన నౌకాదళ దినోత్సవం జరిపేది అందుకే. కానీ 9వ తేదీ రాత్రి డయ్యూ దగ్గర మన ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా ఓడ వదలకుండా ఓడతోపాటే వెళ్ళిపోయారు. ఆ సంగతి తెలిసిన రోజున నాయనమ్మ అన్నం ముట్టలేదు.

నెలాఖరుకి ఓ కార్డు వచ్చింది. "నేను క్షేమం" అన్న ఒక్క ముక్కే. నాయనమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది. చదవడం రాకపోయినా రోజూ తీసి చూసుకునేది.

ఇన్నేళ్ళ తరవాత హాల్లో ఘాజీ పేలిపోగానే ఈలలు, చప్పట్లు! నేనూ కొట్టాను, దాచడమెందుకు? పక్కన చిన్నాన్న మాత్రం కదల్లేదు. బయటికొచ్చాక అడిగాను, "ఏం చిన్నాన్నా, బావులేదా?"

"బావుందిరా. రానా బాగా చేసినాడు" అని కాసేపాగి, "మీ నాయనమ్మకి కార్డొచ్చింది. ఆ తొంభైమంది తల్లులకీ ఏటొచ్చింటాదిరా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.

మీరు విశాఖ వస్తే బీచి రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం తప్పక చూడండి. చూసి బయటికొచ్చాక ఒక్క నిమిషం సముద్రం వైపు కూడా తిరగండి. ఘాజీ ఇంకా అక్కడే, నీటి అడుగునే ఉంది.