అప్పగించిన ప్రాణం

సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది. ఊరెళ్లేవాళ్లు పాలవాడికీ పేపరువాడికీ చెప్పినట్టే, ఇప్పుడు కుక్కనో పిల్లినో చూసుకునే పెట్ సిట్టర్‌కీ చెప్పి వెళ్తున్నారు. పూటపూటా వచ్చి తిండి పెట్టాలి, నీళ్లు మార్చాలి, కాసేపు బయట తిప్పాలి. చూడబోతే పని ఇంతే. కానీ ఆ పని కోసం ఇంటి తాళంచెవి చేతికొస్తుంది. చుట్టాలు హాల్లో కూర్చుని కాఫీ తాగి వెళ్లిపోతారు. వెనక బాల్కనీలో కట్టేసిన ప్రాణి ఎలా ఉందో చూసే బయటి మనిషి ఈ ఒక్కరే.

ఒంటిని నిమిరితే చాలా సంగతులు తెలుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న లాబ్రడార్‌కు పక్కటెముకలు చేతికి తగులుతాయి గాని కంటికి కనబడవు. గోళ్లు పెరిగి, వంకర తిరిగి, అరికాలి మెత్తలోకి దిగడం ఒక్క రోజులో జరిగేది కాదు. కూనగా ఉన్నప్పుడు కట్టిన మెడపట్టీని వదులు చేయకపోతే, మెడ పెరిగేకొద్దీ అది చర్మాన్ని కోసుకుంటూ లోపలికి పోతుంది. దాని కింద వేలు దూర్చబోతే దూరదు. ముందుగా చీము వాసన తగులుతుంది. అన్ని నెలలుగా ఆ మెడ మీద ఎవరూ చెయ్యి వేయలేదన్నమాట.

అయితే చిక్కిన ప్రతి కుక్కా పస్తులున్న కుక్క కాదు. ముసలితనం, మూత్రపిండాల జబ్బు, చక్కెర జబ్బు కూడా ఒంటిని అలాగే కరిగిస్తాయి. పైగా బొత్తిగా పట్టనివాళ్లు డబ్బిచ్చి మనిషిని ఎందుకు పెడతారు? పెట్టారంటే మనసులో ఏ మూలో దిగులు ఉన్నట్టే. మన ఇళ్లలో ఈ కథ తరచూ ఒకే తీరుగా నడుస్తుంది. పిల్లాడు ముచ్చటపడి కూనను తెస్తాడు. చదువుకని అమెరికా వెళ్తాడు. ముప్పై కిలోల కుక్క మోకాళ్ల నొప్పుల అమ్మానాన్నల దగ్గర మిగిలిపోతుంది. వాళ్లు క్రూరులు కారు. గొలుసు పట్టుకుని మెట్లు దిగే ఓపిక వాళ్లకు లేదు. అయినా, కారణం ఎంత జాలి గొలిపేదైనా కుక్క పడే బాధ తగ్గదు.

కాబట్టి మొదటి మాట యజమానితోనే. "ఆంటీ, బ్రూనో మెడ దగ్గర పుండు పడిందండీ, డాక్టరుకు చూపించమంటారా?" అని అడిగితే చాలా ఇళ్లలో తలుపు తెరుచుకుంటుంది. నిందగా అడిగితే అదే తలుపు మూసుకుంటుంది. తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోవడం, పశువైద్యుడి చేత ఉన్న స్థితిని రాయించుకోవడం ఎప్పటికైనా పనికొస్తాయి. జబ్బో నిర్లక్ష్యమో తేల్చవలసింది ఆయనే.

రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితంగా 1960లో జంతుహింస నిరోధక చట్టం వచ్చింది. చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం దాని 11వ సెక్షన్ ప్రకారం నేరాలు. మొదటి తప్పుకు జరిమానా యాభై రూపాయలు దాటదు. ఈ అంకె చూసి చట్టాన్ని తేలిగ్గా తీసుకోనక్కర్లేదు. నేరం రుజువయ్యాక, ఆ చేతుల్లో ఉంటే హింస కొనసాగుతుందని తోస్తే, జంతువును స్వాధీనం చేసుకోమనే అధికారం 29వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం 3వ సెక్షన్. జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే వారే దాని క్షేమం చూడాలని అది చెబుతుంది. యజమాని ఊళ్లో లేని ఆ నాలుగు రోజులూ ఆ బాధ్యతలో సిట్టర్‌కూ పాలుంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. ఫిర్యాదు చేస్తే ఆ ఇంటికి మళ్లీ పిలుపు రాదు, ఆ కుక్కను చూసే ఒక్క మనిషీ దూరమవుతారు. ఊరుకుంటే చూసీ లాభం లేదు. నా మటుకు గీత స్పష్టంగానే ఉంది. యజమాని విని కదిలితే ఆగవచ్చు, మళ్లీ వెళ్లినప్పుడు చూడవచ్చు. "అదెప్పుడూ అంతే, నీ పని నువ్వు చూసుకో" అన్నా, ప్రాణం మీదికి వచ్చినట్టు కనబడినా ఆగకూడదు. పోలీసులకో, జిల్లా జంతుహింస నివారణ సంఘానికో చెప్పాలి. హైదరాబాద్‌లోనైతే 1992లో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూ క్రాస్ ఉంది. జాలి కొద్దీ కుక్కను ఇంటికి తీసుకుపోతే మాత్రం కేసు తిరగబడుతుంది. దొంగతనం మాట ముందుకొస్తుంది, కుక్క సంగతి వెనక్కి పోతుంది.

ఈ పనిలో ఉన్నవాళ్లు ఒక్కటి చేయండి. పని ఒప్పుకునే రోజునే పశువైద్యుడి ఫోన్ నంబరు, అవసరమైతే చికిత్స చేయించవచ్చన్న అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. వాట్సాప్ మెసేజ్ అయినా సరే.