ఇల్లాలి పనికి వెల

మోటారు ప్రమాదమున భార్యను గోల్పోయిన మా బంధువు వెంట మేము వకీలు నొద్దకు బోయితిమి. "ఆమె సంపాదన యెంత?" అని వకీలడుగగా, "ఏమియు లేదండీ, ఇంటిపట్టుననే యుండెడిది" అని యాతడనెను. వకీలు తెల్లవాఱుజాము మొదలుకొని యామె చేయు పనులన్నియు నడిగి వ్రాసికొనెను, ఠావు నిండెను. (ఇన్నేండ్ల కాపురములో నాతడు వాని నెన్నడైన లెక్కించెనా?) 1989లో జంషెడ్‌పూరు అగ్నిప్రమాదమున మరణించిన నడివయసు గృహిణుల సేవలకు సుప్రీముకోర్టు 2001లో, లతా వాధ్వా వ్యాజ్యమున, నెలకు 3,000 రూపాయలు వెలగట్టెను. అది స్వల్పమే; అయినను పరిహారపు లెక్కలో ఇల్లాలు సున్న కాదని యొప్పుకొన్నట్లే గదా! గాయపడిన స్త్రీ తానే దావా వేయదలచినను, భర్తనుండి మనోవర్తి కోరినను, 1987 నాటి న్యాయసేవల చట్టముచే నామెకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలు లభించును. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవలెను. ఫీజునకు వెఱచి యింట గూర్చున్న మన యాడపడుచుల కీ సంగతి చెప్పువా రెవరు?