ఎర్తు వైరు

మా నాయన కపిల బానలు కుట్టేటోడు. కూలి కింద గింజలు కళ్లంకాడ పైనించి వొళ్లోకి పోసేవాళ్లు. బోర్లొచ్చినాక ఆ తోలుపని పోయింది. నేను కల్యాణదుర్గంలో మెకానిక్కునైనాను.

1998 ఎండాకాలం. పెద్ద రైతు కొడుకొకడు నాతో బండికి కొత్త బ్యాటరీ వేయించుకొని, వారం తిరక్కముందే తోసుకొచ్చినాడు. ఛార్జి ఎక్కడంలేదంట. "మాదిగోడు పాతది తగిలించి కొత్తది అమ్ముకున్యాడు" అని నలుగురి ముందర అన్యాడు.

జవాబు చెప్పలేదు. మీటరు తీసినాను. బ్యాటరీ 12 వోల్టులు చూపించింది. కిక్కు కొట్టి రేసు చేస్తే 14 దాకా పోవాల. 12 కాడ్నే నిలబడింది. అంటే బ్యాటరీది తప్పుకాదు, దానికి కూడే అందడంలేదు. కాయిలు వైరు విప్పి చూస్తే ఏసీ కరెంటు బాగనే వస్తాంది. ఇంక మిగిలింది రెక్టిఫైరు. దాని ఎర్తు వైరు ఛాసిస్‌కు తగిలేకాడ తుప్పు, మా సీమ ఎర్రదుమ్ము. ఉప్పుకాగితంతో రుద్ది బిగించినాను. 14 దాటింది. మీటరు ఆయప్ప మొగం ముందర పెట్టినాను.

ఏమీ అనలే. పదిరూపాయల నోటు సీటుమీద పెట్టినాడు.

"చేతికియ్యప్పా" అన్యాను.

అందరూ చూస్తాండారు. చానాసేపటికి ఇచ్చినాడు. నోటు కొసన పట్టుకొని.