అస్థిపంజరాల తీరం వెంట ఉత్తరానికి

నమీబియా దేశపు వాయవ్య అంచున, అట్లాంటిక్ సముద్రానికీ నమీబ్ ఎడారి దిబ్బలకూ నడుమ సాగే ఇసుక పట్టీని స్కెలిటన్ కోస్ట్ అంటారు. దక్షిణాన ఉగాబ్ నది ముఖం దగ్గర మొదలై ఉత్తరాన అంగోలా సరిహద్దులోని కునేనే నది దాకా సుమారు 500 కిలోమీటర్లు ఉంటుంది. లోపలికి వెడల్పు దాదాపు 40 కిలోమీటర్లు. 1971లో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం 16 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే అయినా ఇందులో ఒక్క ఊరు లేదు. 2022లో మధ్యప్రదేశ్‌లోని కునోకు ఎనిమిది చీతాలను పంపిన దేశంగానే మనవాళ్ళలో చాలామందికి నమీబియా తెలుసు. ఆ చీతాలు తిరిగే గడ్డిమైదానాలకూ ఈ తీరానికీ పోలికే లేదు.

బంగాళాఖాతం పక్కన పెరిగినవారికి సముద్రమంటే వాన, వాయుగుండం. ఇక్కడ వానను అడ్డుకునేది సముద్రమే. బెంగ్వెలా అనే చల్లటి ప్రవాహం దక్షిణం నుంచి ఈ ఒడ్డు వెంబడే పైకి సాగుతుంది. దక్షిణపు గాలులు పైనున్న నీటిని ఒడ్డు నుంచి దూరంగా నెట్టేస్తుంటే, ఆ ఖాళీలోకి అడుగునున్న మరింత చల్లని నీరు ఉబికి వస్తుంది. ఏడాదిలో చాలా భాగం దాని ఉష్ణోగ్రత 12 నుంచి 16 డిగ్రీలు. దాన్ని తాకిన గాలి చల్లబడి కిందే ఉండిపోతుంది. ఎడారి మీది వేడిగాలి దానిమీద కుండకు మూత పెట్టినట్టు కూర్చుంటుంది. తేమ పైకి లేవలేదు, మేఘం కట్టలేదు. ఆ తేమంతా పొగమంచుగా మారి రాత్రిపూట నేలమీదికి పాకుతుంది. అడుగు నుంచి వచ్చిన నీరు పోషకాలను కూడా మోసుకొస్తుంది. వాటిమీద ప్లాంక్టన్, ప్లాంక్టన్ మీద చేపలు, చేపల మీద సీళ్ళు, పక్షులు బతుకుతాయి. ఎడారిని చేసిందీ, ఎడారిలోని ప్రాణులకు తిండి పెట్టేదీ ఒకే నీరు. ఈ సంగతి పట్టుబడకపోతే తీరమంతా తిరిగినా చూసినవన్నీ విడివిడి వింతలుగానే మిగులుతాయి.

ప్రయాణం సాధారణంగా స్వకోప్‌ముండ్ నుంచి మొదలవుతుంది. 1892లో జర్మన్లు కట్టిన ఈ రేవుపట్నంలో పెట్రోలు, నీళ్ళు, స్పేర్ టైర్లు సరిచూసుకోవాలి. ముందుకు పోయేకొద్దీ ఇవి దొరకడం కష్టం. 70 కిలోమీటర్ల దూరంలోని హెంటీస్ బే దాటాక ఉప్పు రోడ్డు వస్తుంది. జిప్సం కలిసిన మట్టిని ఉప్పునీటితో తడిపి, దిమ్మిస చేసి, గట్టిపరిచిన రోడ్డు ఇది. ఎండలో తారురోడ్డులా నున్నగా ఉంటుంది. పొగమంచు పడిన ఉదయం మాత్రం చక్రం జారుతుంది. సింహాల వెంట పరుగెత్తాలని వచ్చే సాహసికులకు ఇక్కడి అసలు ప్రమాదం ఈ తడి రోడ్డు మీద వేగమే.

హెంటీస్ బే చేరడానికి ముందే ఒడ్డుకు అతి దగ్గరలో జైలా అనే చేపల మరపడవ ఒరిగి కనిపిస్తుంది. తుక్కు కింద ఒక భారతీయ కంపెనీ దాన్ని కొనుక్కుంది. ముంబైకి లాక్కుపోతుండగా 2008 ఆగస్టులో, వాల్విస్ బే రేవు దాటిన కాసేపటికే లాగుతున్న తాడు తెగిపోయింది. అల మీద అల తోసుకొచ్చి దాన్ని ఈ ఇసుకలో కూర్చోబెట్టింది. ముంబైలో ముక్కలు కావలసిన పడవ ఇప్పుడు నీటికాకులకు ఇల్లు. ఈ తీరంలో ఓడ ఒడ్డెక్కడం పాత కథ కాదని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

కేప్ క్రాస్ ఎక్కడుందో కంటికన్నా ముందు ముక్కుకు తెలుస్తుంది. ప్రపంచంలోని పెద్ద కేప్ ఫర్ సీల్ స్థావరాల్లో ఇదొకటి. ఈనే కాలంలో రెండు లక్షల దాకా సీళ్ళు ఈ రాళ్ళమీద చేరతాయి. అక్టోబరులో మగవి వచ్చి జాగా పంచుకుంటాయి. తిని బలిసిన మగసీల్ బరువు 300 కిలోలు దాటుతుంది. నవంబరు, డిసెంబరుల్లో పిల్లలు పుడతాయి. తల్లి చేపలవేటకు రోజుల తరబడి సముద్రంలోకి పోతుంది. తిరిగొచ్చాక వేల అరుపుల మధ్య తన పిల్ల అరుపును పట్టుకుంటుంది, వాసన చూసి ఖాయం చేసుకున్నాకే పాలిస్తుంది. సందర్శకుల కోసం వేసిన చెక్క నడవా మీద నిలబడితే మేకల మందలో నిలబడినంత రొద. గుంపుల సందుల్లో నక్కలు నింపాదిగా తిరుగుతుంటాయి. తొక్కిసలాటలో నలిగిన పిల్ల, దారితప్పిన పిల్ల వాటి పాలు. ఏటా ప్రభుత్వం ఇచ్చే కోటా ప్రకారం ఇక్కడ సీళ్ళను చంపి చర్మాలు తీస్తారు. అది చేపల పరిశ్రమకు అవసరమని ఒక పక్షం, క్రూరత్వమని ఇంకో పక్షం ఏళ్ళుగా వాదించుకుంటున్నాయి. పర్యాటకులకు చూపే స్థలమూ, వేట సాగే స్థలమూ ఒకటే కావడం మాత్రం ఏ వాదనతోనూ సర్దుకోని విషయం.

ఈ కొండకొమ్ము మీదే 1486లో పోర్చుగీసు నావికుడు దియోగో కావ్ తన రాజు పేరిట మూడున్నర మీటర్ల రాతి శిలువ నాటాడు. 1893లో ఒక జర్మన్ యుద్ధనౌక కెప్టెన్ దాన్ని పెకలించి జర్మనీకి తరలించాడు. దాన్ని తిరిగి ఇచ్చేస్తామని బెర్లిన్‌లోని జర్మన్ చరిత్ర మ్యూజియం 2019లో ప్రకటించింది. ఇక్కడ చాలాకాలంగా నిలిచి ఉన్నవి నకళ్ళే.

రోడ్డుకు కుడివైపున్న గులకనేల పైపైన చూస్తే బోడిగానే ఉంటుంది. వంగి చూస్తే రాళ్ళకు నారింజ, ఆకుపచ్చ, నలుపు రంగుల లైకెన్లు అంటుకుని ఉంటాయి. పొగమంచే వాటికి నీరు. అవి పెరిగే వేగం ఎంత తక్కువంటే, ఒక్కసారి జీపు ఎక్కితే ఆ చక్రాల గాడి దశాబ్దాలు చెరగదు. ఒక్క గుడ్డు మాత్రమే పెట్టే డమారా టెర్న్ పక్షి గూడు కట్టకుండా ఈ గులకల మధ్యే పొదుగుతుంది. రోడ్డు దిగొద్దన్న బోర్డు అధికారుల చాదస్తంలా తోస్తుంది గాని, దిగితే నలిగేది ఈ రెండే. పొగమంచు తాగే ప్రాణుల్లో పేరుమోసింది ఒనిమాక్రిస్ జాతి నల్లపురుగు. తెల్లవారుజామున దిబ్బ అంచుకెక్కి, గాలికి ఎదురుగా తల కిందికి, వెనకభాగం పైకి పెట్టి నిలబడుతుంది. వీపు మీద చేరిన బిందువులు జారి నోట్లో పడతాయి. హామిల్టన్, మేరీ సీలీ అనే శాస్త్రజ్ఞులు 1976లో దీన్ని లోకానికి చెప్పారు. సముద్రానికి కొంత లోపలగా వెల్విచియా మొక్కలు కనిపిస్తాయి. జీవితాంతం వాటికి రెండే ఆకులు; గాలికి చీలి చీలి పేలికల కుప్పలా కనిపిస్తాయి. వెయ్యేళ్ళు దాటిన మొక్కలూ ఉన్నాయి.

స్వకోప్‌ముండ్‌కు సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉగాబ్ గేటు వస్తుంది. తలుపుల మీద పుర్రె, ఎముకల బొమ్మ. మోటారు సైకిళ్ళకు ప్రవేశం లేదు. బస చేయకుండా దాటిపోయేవారు మధ్యాహ్నం మూడులోపు లోపలికి వచ్చి, చీకటి పడకముందే స్ప్రింగ్‌బాక్‌వాసర్ గేటు గుండా బయటపడాలి. లోపల దారి పక్కన 1976లో ఒడ్డెక్కిన సౌత్ వెస్ట్ సీల్ పడవ పక్కటెముకలు, చమురు కోసం ఎవరో తెచ్చి వదిలేసిన డ్రిల్లింగ్ యంత్రం తుప్పు, మూతబడిన వజ్రాల గని కట్టడాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. తీరానికి ఆ పేరు తెచ్చిన అస్థిపంజరాల్లో మనుషులవి తక్కువ. వేటగాళ్ళు కొవ్వు తీసుకుని వదిలేసిన తిమింగలాలవీ ఓడలవీ ఎక్కువ. ఓడల్లో బాగా ఫొటోలకెక్కిన ఎడ్వర్డ్ బోలెన్ ఇక్కడ లేదు. అది 1909లో వాల్విస్ బేకు దక్షిణంగా ఒడ్డెక్కింది. ఒడ్డు సముద్రంలోకి జరిగిపోవడంతో ఇప్పుడది నీటికి కొన్ని వందల మీటర్ల లోపల, ఇసుక మధ్యలో ఉంది.

పార్కులోని టొర్రా బేలో డిసెంబరు, జనవరి నెలల్లో గుడారాలు వేసుకోనిస్తారు. ఏడాది పొడవునా బస దొరికేది టెర్రస్ బేలోనే. గాలమేసి చేపలు పట్టేవారే అక్కడ ఎక్కువ. రెంటికీ మధ్య ఉనియాబ్ నది ముఖం దగ్గర కాసేపు నడవాలి. నది పైకి ఏడాదిలో కొన్ని రోజులే పారినా, ఊటనీరు రెల్లు మొలిచిన మడుగులుగా నిలుస్తుంది. పులికాట్‌కు వచ్చే పెద్ద ఫ్లెమింగోల జాతే ఇక్కడా మేస్తుంటుంది. ఈ పిట్టల కథలోకే సింహం వస్తుంది.

1980ల కరువు తర్వాత, పశువుల కాపరుల తుపాకులకు కూడా బలై, సింహాలు ఈ తీరం నుంచి మాయమయ్యాయి. లోపలి కొండల్లో మిగిలిన కొద్దిపాటి వాటి వెంట శాస్త్రజ్ఞుడు ఫిలిప్ స్టాండర్ 1990ల చివరి నుంచి ఒంటరిగా, జీపే ఇల్లుగా తిరిగాడు. సంఖ్య నెమ్మదిగా పెరిగి సింహాలు మళ్ళీ ఒడ్డుకు చేరాయి. తల్లిలేని మూడు ఆడ సింహాలు రాత్రిళ్ళు మడుగుల్లో నిద్రపోయే నీటికాకులను, ఫ్లెమింగోలను పట్టడం నేర్చుకున్నాయి, ఆపైన సీళ్ళను. ఏడాదిన్నర పాటు అవి తిన్నదాని బరువులో ముప్పాతికకు పైగా సముద్రపు తిండేనని 2019లో స్టాండర్ రాశాడు. జింకలు, ఒరిక్స్‌లు కరువులో తగ్గిపోతే సముద్రం ఆదుకుందన్నమాట. గోధుమరంగు హైనాలు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నాయి. అల విసిరిన ప్రతి కళేబరం వాటి లెక్కలో ఉంటుంది. సింహాన్ని కళ్ళారా చూడటం అరుదు. తడి ఇసుకలో అడుగుల జాడ, దాని పక్కన సీల్ ఎముకలు దొరికితే ఆ రోజు అదృష్టం బాగున్నట్టే.

హోఆనిబ్ నదికి ఉత్తరాన పార్కులోకి సొంత వాహనాలను అనుమతించరు. ప్రభుత్వ అనుమతి ఉన్న కొద్ది సంస్థలు చిన్న విమానాల్లో మనుషులను తీసుకెళతాయి. 1970లలో లౌ షూమన్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది. పై నుంచి చూస్తే తూర్పు కొండల నుంచి పడమరకు దిగే ఎండునదులు ఆకుపచ్చ గీతల్లా కనిపిస్తాయి. జంతువుల దారులన్నీ ఆ గీతల వెంటే. ఏనుగులు ఎండిన ఇసుకలో కాలితో, తొండంతో చెలమ తవ్వి నీళ్ళు తాగుతాయి, అవి వెళ్ళాక ఇతర జంతువులు వాడుకుంటాయి. ఇవి వేరే జాతి కావు, ఆఫ్రికా ఏనుగులే. ఎక్కడ ఏ ఊట ఉందో పిల్లలకు నడిపించి నేర్పే ముసలి ఆడ ఏనుగులే వీటి బలం. ఏటవాలు దిబ్బ మీద కూర్చుని కిందికి జారితే ఇసుకరేణువుల రాపిడికి విమానం మోగినట్టు గంభీరమైన ధ్వని వస్తుంది. ఎంత పెద్దవారైనా రెండోసారి ఎక్కకుండా ఉండరు.

1942 నవంబరు 29న బ్రిటిష్ ఓడ డనీడిన్ స్టార్ ఈ ఉత్తరపు ఒడ్డునే చిక్కుకుంది. 106 మందిలో 63 మంది, పసిపిల్లలతో సహా, నీడలేని ఇసుకలోకి దిగాక, ఒడ్డుకు చేరవేస్తున్న పడవ చెడింది. వాళ్ళ కోసం వచ్చిన టగ్ పడవ తానే ఒడ్డెక్కింది. దాని సిబ్బందిలో ఇద్దరు మరణించారు. నీళ్ళు జారవిడిచి కిందికి దిగిన బాంబర్ విమానం ఇసుకలో కూరుకుపోయింది. లారీలు విండ్‌హుక్ నుంచి దారిలేని ఇసుకలో రోజుల తరబడి తవ్వుకుంటూ వచ్చాయి. ఓడలో వచ్చినవాళ్ళందరూ బతికి బయటపడ్డారు. చనిపోయినది కాపాడబోయినవాళ్ళు. జాన్ మార్ష్ 1944లో రాసిన పుస్తకంతో ఈ తీరం పేరు లోకమంతా పాకింది.

పార్కు అంచున పూరోస్ వంటి పల్లెల్లో హింబా, హెరెరో పశుపాలకులు ఉంటారు. సందర్శకులకు హింబా స్త్రీల ఒంటి ఎర్రమట్టి పూతే ముందు కనిపిస్తుంది. ఆ కుటుంబాలకు రోజంతా కనిపించేది మాత్రం పశువులు, నీళ్ళు. 1980ల మొదట్లో దంతాల కోసం, కొమ్ముల కోసం ఏనుగులను, నల్ల ఖడ్గమృగాలను వేటగాళ్ళు ఊడ్చేస్తుంటే, వన్యప్రాణి సంరక్షకుడు గార్త్ ఓవెన్-స్మిత్ ఊరి పెద్దలతో మాట్లాడి స్థానికుల్నే కాపలాదారులుగా పెట్టించాడు. 1996 చట్టంతో ఊళ్ళు సంఘాలుగా ఏర్పడి తమ ప్రాంతపు జంతువుల మీద వచ్చే ఆదాయాన్ని పొందే హక్కు సంపాదించుకున్నాయి. ఈ ఏర్పాటు లేకపోతే పర్యాటకుడికి చూడటానికి ఏనుగు మిగిలేది కాదేమో. అయినా సింహం ఆవును పట్టిన రాత్రి ఆదాయం లెక్క గుర్తురాదు. సినిమాతో ప్రపంచమంతా తెలిసిన ఐదు మగ అన్నదమ్ముల సింహాల్లో 2016లో ఒకటి తుపాకీకి, మూడు విషానికి పోయాయి. 2025లో హోఆనిబ్ లోయలో రాత్రి గుడారం బయటికొచ్చిన పర్యాటకుణ్ణి ఆడ సింహం చంపింది. ఇప్పుడు ఊళ్ళ దగ్గర సింహం కదలికలు చెప్పే కాలర్లు, పశువులకు గట్టి దొడ్లు, గస్తీ తిరిగే స్థానిక యువకులు ఉన్నారు. జీవాలు పోగొట్టుకున్న రైతుకు ఇవి ఎంతవరకు ఊరటనిస్తాయన్నది వేరే ప్రశ్న.

తీరం కునేనే దగ్గర ఆగుతుంది. ఏడాది పొడవునా పారే నది ఇదొక్కటే. ముఖద్వారంలో చల్లటి సముద్రాన్ని మంచినీరు తాకే చోట నైలు మొసళ్ళు, ఆకుపచ్చ తాబేళ్ళు కలిసి కనిపిస్తాయి. ఆవలి ఒడ్డున అంగోలా వారి అయోనా జాతీయ పార్కు. రెండు పార్కులనూ కలిపి నిర్వహించుకోవడానికి రెండు దేశాలూ 2018లో ఒప్పందం చేసుకున్నాయి. ఈ కొసకు విమానంలో వచ్చినవారు తమ చెత్తను తామే వెనక్కి మోసుకుపోవాలి. ఒడ్డున దొరికిన అగేట్ రాయిని గాని, తిమింగలం వెన్నుపూసను గాని వెంట తీసుకుపోనివ్వరు.