ఇంటర్‌లాకెన్‌లో ఒక్కరోజు: ఏ కొండెక్కుదాం?

మన డ్యూయెట్లలో నాయికానాయకులు మంచుమీద చిందులేస్తే అది స్విట్జర్లాండే అయివుంటుందని ప్రేక్షకుడికి తెలుసు! ఆ ప్రచారానికి మెచ్చి 2016లో ఇంటర్‌లాకెన్‌లో యశ్ చోప్రా విగ్రహమే నిలబెట్టారు. ఆ ఊళ్ళో రైలు దిగి, చేతిలో ఒక్కరోజే వున్నవాళ్ళకి వచ్చే చిక్కు - ఏ కొండెక్కాలి?

అందరూ చెప్పేది యుంగ్‌ఫ్రావుయోక్. 1912లో పూర్తయిన రైలుమార్గం కొండ కడుపులో 7 కిలోమీటర్లకు పైగా సొరంగం దాటించి, 3,454 మీటర్ల ఎత్తున దింపుతుంది. యూరప్‌లో అంతకన్నా ఎత్తయిన రైల్వేస్టేషన్ లేదు. టికెట్టు ధరా ఆ ఎత్తులోనే వుంటుంది లెండి!

నన్నడిగితే షిల్ట్‌హార్న్. ఎత్తు 2,970 మీటర్లే. లాటర్‌బ్రున్నెన్ దాకా 20 నిమిషాల రైలు, అక్కణ్ణుంచి బస్సు, ఆపైన రోప్‌వే. 1969 నాటి జేమ్స్‌బాండ్ చిత్రం 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'లో విలన్ మకాం ఈ శిఖరమ్మీదే. ఇక్కణ్ణుంచి ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావు మూడూ వరసగా కళ్ళెదుట నిలబడతాయి. యుంగ్‌ఫ్రావు భుజమెక్కి కూర్చున్నవాడికి ఆ వరస ఎలా దొరుకుతుంది?

మబ్బు పట్టిందా, రెండూ ఒకటే - తెల్లగోడ! కొండమీది కెమెరాల దృశ్యం పొద్దున్నే ఫోన్లో చూసుకోండి. తెర తెల్లగా వుంటే పర్సు తియ్యకండి. లాటర్‌బ్రున్నెన్‌లోనే ఆగి, దాదాపు 300 మీటర్ల ఎత్తునుంచి దూకే స్టౌబ్‌బాఖ్ జలపాతం కింద తిరగండి. దాన్ని చూడ్డానికి టికెట్టు లేదు.