పక్షుల్ని చూడ్డానికి వెళ్తున్నారా? గట్టు దిగే ముందు...

గూడూరు–చెన్నై రైలు మార్గంలో చిన్న స్టేషను దొరవారిసత్రం. పేరు చూసి సత్రం కోసం వెతక్కండి! ఇక్కడ దిగేది నేలపట్టు పక్షుల కోసం. అక్టోబరు నుంచి మార్చి దాకా చెరువులో సగం మునిగిన కడప చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని సాకుతుంటాయి. సూళ్ళూరుపేట మీదుగా పులికాట్ వెళ్తే శ్రీహరికోట రోడ్డు పక్కన ఫ్లెమింగోలు.

చిక్కంతా అక్కడే. ఫోటో కోసమని పిల్లలు రోడ్డు దిగి పరుగెత్తుతారు. పైకి ఎండినట్టుండే బురద అడుగేస్తే దిగబడుతుంది. గుల్‌మార్గ్‌లాంటి చోట్ల బాట వదిలి మంచు మీద జారేవాళ్ళకి ముందు నేర్పేదీ ఇదే. పైపొర గట్టిగా ఉందని నమ్మొద్దు, ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్ళు కనిపెట్టి ఉండాలి. మంచుచరియ కింద పడ్డవాళ్ళని సుమారు 15 నిమిషాల్లో పక్కవాళ్ళే తవ్వి తీయాలి. బయటివాళ్ళు వచ్చేదాకా ఆగితే బతకడం కష్టం. నీళ్ళలోనైతే అంత గడువూ ఉండదు.

కాబట్టి పులిహోర డబ్బాతో పాటు మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను, దానికి కట్టిన పొడుగాటి తాడు పెట్టుకోండి. ఎవరైనా మునుగుతుంటే వెనకే దూకకండి. గట్టు మీద బోర్లా పడుకుని క్యాను విసరండి. తాడు లేదా? చీర ఉందిగా, సిగ్గుపడే వేళ కాదది. బయటికి తీశాక కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం, తలకిందులు చేయడం వద్దు. ఊపిరి లేకపోతే నోట్లోకి ఊది, ఛాతీ నొక్కుతూ, ఇంకొకరిచేత 108కి ఫోన్ చేయించండి. ఈ ఊదడం, నొక్కడం మాత్రం ముందే తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

బయల్దేరే ముందురోజు పెరట్లో ఆ క్యాను విసిరి చూడండి. లోపల కాసిని నీళ్ళు పోస్తే దూరం వెళ్తుంది.